సూప్‌కి చవకగా ఎముకల మటన్ కావాలంటే షాపులో ఏమని అడగాలి?

ఊరికే “ఎముకలు కావాలి” అనకండి. అలా అడిగితే మిగిలినవన్నీ కలిపి కవర్లో వేస్తారు. అందులో సగం కొవ్వు, పొరలే ఉంటాయి. మాది రాజమండ్రి వైపు, ఉండేది హైదరాబాద్‌లో. మా దగ్గర దుమ్ములు, బొమికలు అంటాం. ఇక్కడ బొక్కలు. “సూప్ బొక్కలు” అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

షాపును బట్టి కూడా ఉంటుంది. కూర మటన్ మాత్రమే కొట్టే చోట ఎముకా మాంసం ఒకే రేటుకి తూకం వేసేస్తారు, విడిగా ఏమీ మిగలదు. కీమా, బోన్‌లెస్ ఎక్కువ పోయే షాపులో ఎముకలు మిగులుతాయి కాబట్టి తక్కువకే ఇస్తారు. మూలుగ ఉండే నల్లి బొక్క మాత్రం చవకలో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. దానికి గిరాకీ ఎక్కువ, ఆదివారమైతే పొద్దున్నే అయిపోతుంది.

డబ్బుకి తగ్గది నా లెక్కలో కాళ్లే, అదే పాయా. కిలోల్లో కాదు, నాలుగూ కలిపి సెట్టుగా అమ్ముతారు. కాల్చి, ముక్కలు కొట్టి ఇమ్మనండి. ఇంటికొచ్చాక గోధుమపిండి, పసుపు రాసి గట్టిగా రుద్ది కడిగితే మసి, కాలిన వెంట్రుకల వాసన పోతాయి. గిట్టల సందుల్లో వేలు పెట్టి చూడండి, మురికంతా అక్కడే ఉంటుంది. మొద్దు మీద కొట్టినప్పుడు లేచిన ఎముక పలుకులు ముక్కలకు అంటుకుని ఉంటాయి, పిల్లలు తాగే సూప్ అయితే వడకట్టాల్సిందే. తలకాయ కూడా చవకే గానీ అది కూరకే బాగుంటుంది.

కుక్కర్‌లో రెండు విజిల్స్ వచ్చాక సన్న సెగ మీద ముప్పావు గంట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకడుతుంది. పాడైందనుకుని పారేయకండి, కాళ్లలోని జిగురే అలా పేరుకుంటుంది. వేడి చేస్తే మళ్లీ కరుగుతుంది. ఈ సూప్ తాగితే విరిగిన ఎముక అతుక్కుంటుందని మా ఇంట్లోనూ అంటారు. నిజానికి ఎముకలోంచి నీళ్లలోకి దిగే కాల్షియం చాలా తక్కువ. రుచి కోసం తాగండి, చాలు. మిరియాలు మాత్రం దించే ముందు దంచి వేయండి, ముందే వేస్తే ఆ ఘాటు ఉండదు.