అమ్మలూ, ఆ ట్యూబు మార్చేముందు అడుగు

అమ్మలూ,

భువనేశ్వర్ దగ్గర జట్నీలో ఉన్న నైసర్ అనే సైన్స్ సంస్థలో చేరి, గ్యాసు నింపి కణాల జాడ పట్టే గ్యాస్ డిటెక్టర్ల మీద పీహెచ్‌డీ చేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బరంపురంలో ఒడియా బడిలో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకున్న పిల్ల జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబులో ప్రోటాన్లు ఢీకొనే చోట పెట్టే పరికరాల మీద పనిచేస్తుందంటే ఎంత గర్వమో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

చేతికి గ్లవ్స్ వేసుకో. హైవోల్టేజీ మెల్లగా పెంచు. ప్రతి కొలత పక్కన ఆ పూట ఉష్ణోగ్రత, గాలి పీడనం రాయి. అవి మారితే గెయిన్, అంటే లోపల సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ లెక్క, మారుతుంది. ఇవన్నీ మీ సార్లూ చెప్తారు.

నా భయమంతా లీకులకు పూసే సీలెంట్ గురించి. నేను పనిచేసిన ఒక ల్యాబులో తీగల చాంబర్ ఉండేది, అంటే గ్యాసు నింపిన పెట్టెలో సన్నని తీగలు బిగించిన డిటెక్టర్, 1968లో షార్‌పాక్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన రకం. లోపలి తీగ మందం 20 మైక్రాన్లు. గ్యాస్ ట్యూబు దగ్గర కాస్త లీకవుతోందని ఒకతను బజారులో దొరికే సిలికాన్ పూసేశాడు. లీకు ఆగింది, అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు సిగ్నల్ తగ్గుతూ వచ్చింది. ఎలక్ట్రానిక్స్ మార్చారు, సిలిండర్ మార్చారు, ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. చివరికి విప్పి మైక్రోస్కోప్ కింద పెడితే తీగ నిండా నూగు! సిలికాన్ ఆవిరి గ్యాసులో కలిసి, తీగ చుట్టూ ఎలక్ట్రాన్లు ఉప్పెనలా పెరిగే చోట విరిగి పేరుకుపోయింది. తీగ లావెక్కితే విద్యుత్ క్షేత్రం తగ్గుతుంది, గెయిన్ పడిపోతుంది. ఎంత శుభ్రమైన గ్యాస్ పంపినా ఆ పూత వదల్లేదు. తీగలన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. వాటిని ఒక్కొక్కటిగా బిగించిన పెద్దాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

“మాది జెమ్ కదా మామయ్యా, తీగలుండవు” అంటావు. నిజమే, 1997లో సౌలీ అనే శాస్త్రవేత్త తెచ్చిన ఆ జెమ్, నిండా సన్నని కన్నాలున్న ఫాయిల్, ఇలాంటివాటిని బాగా తట్టుకుంటుంది. కానీ దాని ఒక్కో కన్నం 70 మైక్రాన్లే. దుమ్ము కణం ఒక్కటి పడినా స్పార్క్ వచ్చి ఫాయిల్ షార్ట్ కావచ్చు. నీకేమో తొందరెక్కువ. చిన్నప్పుడు నా రేడియో విప్పి, రెండు స్క్రూలు మిగిలినా మూసేసి “పాడుతోందిగా” అన్నావు. అక్కడ ఆ మాట పనికిరాదు. కొత్త ట్యూబైనా, జిగురైనా, ఓ-రింగైనా పెట్టేముందు అడుగు. తిట్టాననుకోకు తల్లీ, ఆ రేడియో ఇప్పటికీ నా మంచం పక్కనే పాడుతోంది.

ఇంకొకటి. డిటెక్టర్లలో నింపే ఆర్గాన్ గ్యాసుకి వాసన ఉండదు. మూసిన ఏసీ గదిలో ఎక్కువగా లీకైతే మనిషి పడిపోయేదాకా తెలియదు. ఆక్సిజన్ అలారం పనిచేస్తోందో లేదో మొదటిరోజే చూసి నాకు ఫోన్ చెయ్యి. మీ అమ్మకి ఈ ముక్క చెప్పకు, దానికి అసలే బీపీ.

మీ మామయ్య