ప్రేమలేఖ నుంచి పెద్దరికం దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రేమా హాస్యమూ కలిసిన చిత్రాల నటీనటుల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: 2023లో వచ్చిన ‘సామజవరగమన’ను మా ఇంట్లో అందరం కలిసి చూశాం. డిగ్రీ గట్టెక్కలేని తండ్రి పాత్రలో నరేష్ కనిపించగానే మా అమ్మ, తన కాలేజీ రోజుల్లో ఆయనను ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో పెళ్లికాని కుర్రాడిగా చూశానని చెప్పింది. ఆ కుర్రాడి నుంచి ఈ తండ్రి దాకా సాగే దారి ఎలాంటిది? అందరూ అంత దూరం ఎందుకు రాలేకపోతున్నారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మగారు చూసిన ఆ చిత్రం 1984లో జంధ్యాల దర్శకత్వంలో వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి నవల దానికి ఆధారం. తాను ఊహించుకున్న భర్తకు ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఎవరో యువకుడి చేతికి చేరుతుంది. రాసిన అమ్మాయిని వెతుక్కుంటూ అతడు బయలుదేరతాడు. ఇప్పుడు మళ్లీ చూస్తే మీకు ఒక సంగతి తెలుస్తుంది. ఆ చిత్రంలో నవ్వించే బరువును ఎక్కువగా మోసినవారు సుత్తి వీరభద్రరావు, శ్రీలక్ష్మి వంటి వారు. కథానాయకుడి పని వాళ్ల ఎదుట నిలబడి వినడం, తడబడటం, తండ్రి కోపానికి నోరు మెదపలేక చూపులతోనే జవాబు చెప్పడం. ఇది చూడటానికి తేలికగా ఉంటుంది కాని, ఎదుటివాడి మాట పేలాలంటే వినేవాడి ముఖం ఆ మాటకు చోటివ్వాలి. ప్రేక్షకుడు మాట్లాడేవాడిని చూసి సగం నవ్వితే, ఆ మాట తగిలినవాడిని చూసి మిగిలిన సగం నవ్వుతాడు.

నరేష్ ఈ పనిని చిన్నతనం నుంచే చూస్తూ పెరిగారు. 1972లో ‘పండంటి కాపురం’లో బాలనటుడిగా కనిపించారు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’తో యువ కథానాయకుడయ్యారు. 1991లో ‘చిత్రం భళారే విచిత్రం’లో ఆడవేషం కట్టి, సినిమాలో అధికభాగం ఆ వేషంలోనే నిలిచి మెప్పించారు. తరవాత కొంతకాలం తెరకు దూరమై, తిరిగి వచ్చేసరికి వయసుకు తగిన పాత్రలనే ఎంచుకున్నారు. ‘సామజవరగమన’లో కథకులు చేసిన మంచి పని ఏమిటంటే, పాత చిత్రంలోని అమరికను పూర్తిగా తిరగేయడం. అక్కడ తండ్రి గద్దిస్తుంటే కొడుకు నిలబడి విన్నాడు. ఇక్కడ ఆస్తి చేతికి రావాలంటే డిగ్రీ పాసు కావలసిన తండ్రిని కొడుకు గద్దిస్తుంటే తండ్రి తల వంచుకుని వింటాడు. పాత్ర మారినా ఆయన పని మారలేదు కనుకనే అది అంత సహజంగా కుదిరింది.

రాజేంద్రప్రసాద్ దారి దీనికి భిన్నం. ఆయన మద్రాసులో నటనాశిక్షణ పొందారు, ఇతరులకు గొంతు అరువిచ్చారు, 1977లో బాపు తీసిన ‘స్నేహం’లో కనిపించారు. వంశీ తీసిన ‘ప్రేమించు పెళ్లాడు’, ‘లేడీస్ టైలర్’, ‘ఏప్రిల్ 1 విడుదల’, జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’ ఆయనను ఇంటింటి మనిషిని చేశాయి. ఈయన వినడంతో ఆగలేదు. నవ్వించే భారాన్ని కూడా తన మీదే వేసుకున్నారు. అలాంటి నటుడికి ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ప్రేక్షకుడు ఆయన ముఖం కనిపించగానే నవ్వడానికి సిద్ధపడిపోతాడు. ఆ ముద్ర గట్టిపడకముందే, తనకు బాగా గిరాకీ ఉన్న రోజుల్లోనే, 1991లో ‘ఎర్ర మందారం’ వంటి గంభీరమైన కథను ఒప్పుకుని నంది పురస్కారం తెచ్చుకున్నారు. ఆయన నిర్ణయాల్లో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా నమ్మకం. ఆ పునాది ఉండబట్టే 2004లో ‘ఆ నలుగురు’లో, చనిపోయిన తన కోసం ఎవరు వస్తారో చూసే పెద్దమనిషిగా ఆయనను జనం ఒప్పుకున్నారు, మరో నంది కూడా వచ్చింది. 2018లో ‘మహానటి’లో సావిత్రి పెదనాన్నగా కనిపించినప్పుడు ఆయన హాస్యనాయకుడన్న సంగతే చాలామందికి గుర్తు రాలేదు.

చంద్రమోహన్‌ను కూడా ఇక్కడ తలచుకోవాలి. 1966లో ‘రంగులరాట్నం’తో వచ్చి, నాయకుడు, స్నేహితుడు, తండ్రి అన్న హద్దులు పెట్టుకోకుండా 2023లో కన్నుమూసేదాకా మనవాడిగానే ఉన్నారు.

అందరూ ఎందుకు రాలేకపోతున్నారన్న మీ రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం కష్టం. 2000లో ‘నువ్వే కావాలి’తో తరుణ్, అదే ఏడాది ‘చిత్రం’తో, మరుసటి ఏడాది ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’లతో ఉదయ్‌కిరణ్ కాలేజీ పిల్లల గుండెల్లో చోటు సంపాదించారు. కాని ఆ కథలు అడిగింది ఇరవై ఏళ్ల లేతదనాన్నే. ఆ లేతదనం తగ్గుతున్నప్పుడు ముప్ఫై ఏళ్ల యువకుడి ప్రేమను, ఉద్యోగాన్ని, కాపురాన్ని నవ్వుతో చెప్పే కథలు వారికి చాలినన్ని రాలేదు. ఉదయ్‌కిరణ్ 2014 జనవరిలో 33 ఏళ్లకే మనకు దూరమయ్యాడు. ఒక మనిషి దుఃఖానికి సినిమా లెక్కల్లో కారణం వెతకడం తప్పు కనుక నేను ఆ పని చేయను. అయితే వయసుతోపాటు ఎదిగే పాత్రలను రాసిపెట్టే బాధ్యత పరిశ్రమకు ఉందని మాత్రం గట్టిగా అంటాను.

ప్రశ్న: ‘అష్టా చమ్మా’, ‘అలా మొదలైంది’ చూసి నానికి అభిమానినయ్యాను. ఇప్పుడు ఆయన చేతిలో కత్తి, ఒంటి మీద నెత్తురు చూస్తున్నాను. నవ్వుల ప్రేమకథలతో పైకి వచ్చినవారు వాటినే ఎందుకు వదిలిపెడుతున్నారు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. కాని ఆయన పూర్తిగా వదిలేశారనలేం. బాపు వద్ద ‘రాధాగోపాళం’కు సహాయ దర్శకుడిగా, తరవాత రేడియోలో వ్యాఖ్యాతగా పనిచేసిన నానిని 2008లో మోహనకృష్ణ ఇంద్రగంటి ‘అష్టా చమ్మా’తో నాయకుడిని చేశారు. 2011లో నందినీ రెడ్డి ‘అలా మొదలైంది’, 2015లో మారుతి ‘భలే భలే మగాడివోయ్’ ఆయనను నిలబెట్టాయి. 2022లో ‘అంటే సుందరానికీ’ చేశారు. 2023లో సింగరేణి బొగ్గు నేపథ్యంలో ‘దసరా’ చేసి, అదే ఏడాది చివర ‘హాయ్ నాన్న’తో తిరిగి ప్రేమకథకు వచ్చారు. 2025లో ‘హిట్ 3’ మీరు చెప్పిన నెత్తుటి కథ.

ఈ మార్పుకు మూలం డబ్బు లెక్కలో ఉంది. నవ్వుల ప్రేమకథ చిన్న ఖర్చుతో తయారై, చూసినవారు మరొకరికి చెప్పగా చెప్పగా వారాల తరబడి నిలదొక్కుకునే సరుకు. నటుడి పారితోషికం పెరిగేకొద్దీ నిర్మాత మొదటి మూడు రోజుల్లోనే పెద్ద వసూళ్లు రాబట్టుకోవలసి వస్తుంది. మొదటి రోజు ఉదయపు ఆటకు జనాన్ని రప్పించే శక్తి పోరాటాలకు ఉన్నంతగా పెళ్లిచూపులకు ఉండదు. రెండో కారణం భాష. మన హాస్యం మాటలో, యాసలో, వరసలు పెట్టి పిలుచుకోవడంలో ఉంటుంది. హిందీలోకో తమిళంలోకో అనువదిస్తే దానిలో చాలాభాగం దారిలోనే జారిపోతుంది. పోరాట దృశ్యానికి ఆ నష్టం లేదు. సినిమాను ఒకేసారి నాలుగయిదు భాషల్లో విడుదల చేయాలనుకునే రోజుల్లో ఈ తేడా నటుడి నిర్ణయాన్ని తప్పక మారుస్తుంది. విజయ్ దేవరకొండ 2016లో ‘పెళ్లిచూపులు’తో నాయకుడిగా నిలిచి, మరుసటి ఏడాదే ‘అర్జున్ రెడ్డి’తో పూర్తిగా వేరే మనిషిగా కనిపించాక, 2018లో ‘గీత గోవిందం’తో వెనక్కి వచ్చి కూడా మెప్పించాడు. అటూ ఇటూ తిరగగలగడమే నటుడికి ఆరోగ్యమని నాకనిపిస్తుంది. తిరిగి రావడానికి దారి మిగుల్చుకోకుండా వెళ్లిపోయినవారిని చూసినప్పుడే నాకు దిగులు.

ప్రశ్న: నాయకులు తండ్రులవుతున్నారు, బాబాయిలవుతున్నారు. వారి పక్కన నటించిన అమ్మాయిలు ఏమయ్యారు?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న.

1955లో ‘మిస్సమ్మ’లో మొదట అనుకున్న భానుమతి తప్పుకోవడంతో, వేరే పాత్రకు ఎంపికైన సావిత్రికి ప్రధాన పాత్ర దక్కింది. ఆ చిరచిర, ఆ మూతివిరుపు, ప్రేమ లోపల పుడుతున్నా ఒప్పుకోని ఆ మొండితనం మన ప్రేమహాస్యానికి ఇప్పటికీ కొలత. అంటే తొలినాళ్లలోనే ఈ తరహా కథ ఆడదాని భుజాల మీద నడిచింది. అయినా ‘ముద్ద మందారం’తోనూ, ‘శ్రీవారికి ప్రేమలేఖ’తోనూ మనల్ని ఆకట్టుకున్న పూర్ణిమ, ‘అహ నా పెళ్లంట’ రజని మనకు నాయికలుగానే గుర్తుండిపోయారు. వారి ఎదుట నటించినవారికి దొరికిన నలభై ఏళ్ల ప్రయాణం వారికి దొరకలేదు. 1999లో ‘స్వయంవరం’తో వచ్చి, తరవాత రెండు నందులు గెలుచుకున్న లయ కూడా పెళ్లయ్యాక మీరున్న అమెరికాకే వెళ్లి, 2025లో ‘తమ్ముడు’లో అక్క పాత్రతో తిరిగి వచ్చారు.

జెనీలియా సంగతి మరో రకం చిక్కు. 2006లో ‘బొమ్మరిల్లు’లో హాసినిగా ఆమె ఎంతగా నచ్చిందంటే, 2008లో తమిళ పునర్నిర్మాణంలోనూ అదే పాత్రకు ఆమెనే తీసుకున్నారు. ఆ తరవాత మన దర్శకులు ఏ నాయికను రాసినా గలగల మాట్లాడే అమాయకురాలినే రాయసాగారు. ఒక నటి గెలుపు ఒక మూసగా మారి, ఆ మూస ఆమెతోపాటు ఇంకెందరినో కట్టిపడేసింది. ఆ తప్పు ఆమెది కాదు, రాసినవారిది.

అందుకే నిత్యా మేనన్ ప్రయాణం నాకు ధైర్యమిస్తుంది. ‘అలా మొదలైంది’ ఆమెకు తొలి తెలుగు చిత్రం, అందులో పాట కూడా పాడింది. ‘ఇష్క్’, ‘గుండె జారి గల్లంతయ్యిందే’ల మీదుగా సాగి, 2022 నాటి తమిళ చిత్రం ‘తిరుచిట్రంబలం’లో పక్కింటి స్నేహితురాలి పాత్రకు జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని పంచుకుంది. కన్నీళ్లు కార్చే పాత్రలకే పెద్ద పురస్కారాలు వస్తాయన్న నమ్మకం బలంగా ఉన్న మన దేశంలో, నవ్వుతూ నవ్విస్తూ చేసిన పాత్రకు ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు.

ప్రశ్న: టీవీలో పేరు తెచ్చుకున్నవారికి సినిమా ప్రేమకథల్లో చోటు దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దొరుకుతుంది, కాని ఎప్పుడూ ముందు తలుపు నుంచి కాదు. మా టీవీలో ‘కలర్స్’ కార్యక్రమంతో ఇంటిపేరునే మార్చుకున్నంతగా గుర్తింపు పొందిన స్వాతి, ‘అష్టా చమ్మా’కు ఉత్తమ నటిగా నంది, ఫిల్మ్‌ఫేర్ రెండూ గెలుచుకుంది. 2023లో ‘మంత్ ఆఫ్ మధు’లో విడిపోవాలనుకుంటున్న భార్యగా ఆమెను చూస్తే, ప్రేమకథ తరవాతి కథ కూడా చెప్పగల నటి అని తెలుస్తుంది. 2001 నుంచి 2007 దాకా జెమినిలో ఆదివారాలను మనకు పండుగ చేసిన ‘అమృతం’లో ప్రధాన పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ పోషించారు. వారిలో హర్షవర్ధన్ తరవాత ‘గుండె జారి గల్లంతయ్యిందే’కు, ‘మనం’కు మాటలు రాశారు. వారం వారం ఒకే ఇంటి మనుషుల సంభాషణను పలికినవాడికి మాట ఎక్కడ ఆపాలో తెలియడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పుడు ఆ బడి స్థానంలోకి లఘుచిత్రాలు వచ్చాయి. రీతూ వర్మ ‘పెళ్లిచూపులు’కు ముందే తరుణ్ భాస్కర్ లఘుచిత్రం ‘అనుకోకుండా’లో నటించింది. సుహాస్ యూట్యూబ్ నుంచి ‘కలర్ ఫోటో’కు చేరాడు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అందగాడిని కాను. ఇలాంటి చిత్రాల్లో నటించాలని కోరిక. ఏం నేర్చుకోవాలి?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: అందం గురించిన బెంగ పక్కన పెట్టండి. ‘పెళ్లిచూపులు’లో నాయకుడి స్నేహితుడిగా వచ్చిన ప్రియదర్శి 2025లో ‘సారంగపాణి జాతకం’లో ప్రేమకథకు నాయకుడయ్యాడు. ముందుగా మీ గొంతును సంపాదించుకోండి. ‘పెళ్లిచూపులు’ వంటి చిత్రాల్లో చిత్రీకరణ జరుగుతున్నప్పుడే మాటను రికార్డు చేశారు. అలాంటి చోట తడబాటును తరవాత డబ్బింగులో సరిదిద్దుకుందామంటే కుదరదు. మీ గోదావరి యాసను దాచుకోవద్దు, దానితోపాటు తెలంగాణ మాటను కూడా చెవిపెట్టి వినండి. ఏదైనా మంచి హాస్యచిత్రాన్ని రెండోసారి చూసేటప్పుడు మాట్లాడుతున్నవారిని వదిలేసి, వింటున్నవారి ముఖాన్నే చూస్తూ, కన్ను ఎప్పుడు కదిలింది, ఊపిరి ఎప్పుడు ఆగింది ఒక పుస్తకంలో రాసుకోండి. కాలేజీ నాటికల్లో పెద్ద పాత్ర దొరక్కపోతే రెండు మాటలున్న పాత్రయినా తీసుకోండి, ఎందుకంటే వినడం అక్కడే బాగా అలవాటవుతుంది. డిగ్రీ మాత్రం పూర్తిచేయండి. ఒక ఆడిషన్‌కూ మరో ఆడిషన్‌కూ మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఇంటి అద్దెకు మీ చదువే ఆధారం.