ఇంటర్ పిల్లలకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పబోయే అమ్మాయికి

అమ్మడూ,

ఆశీస్సులు. కొత్త ఉద్యోగం సంగతి మీ అమ్మ చెప్పింది. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో కౌన్సిలర్ అంటే మాటలు కాదు. నెలకోసారి రెండు సెక్షన్ల వాళ్లని సెమినార్ హాల్లో కూర్చోబెట్టి మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఏం జరుగుతోందో తప్పొప్పులు ఎంచకుండా గమనించే సాధన, చేయించమన్నారని, ఎలా మొదలుపెట్టాలని అడిగావు. ముందు ఆ హాలు వద్దని చెప్పు. స్టడీ అవర్ మొదట్లో పది నిమిషాలు, వారానికి మూడు రోజులు, ఇష్టమున్నవాళ్లకే ఇమ్మని అడుగు.

ఇది నా చాదస్తం కాదు. బ్రిటన్‌లో 85 స్కూళ్లలో, ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. టీచర్లు శిక్షణ తీసుకుని మరీ తరగతి మొత్తానికి నేర్పారు. 2022లో ఫలితాలు చూస్తే, ఎప్పటి పాఠాలే విన్న పిల్లల కంటే వీళ్ల దిగులేమీ తగ్గలేదు. చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదట. అదే అమెరికాలో, మానసిక వైద్యానికి వస్తున్న 14 నుంచి 18 ఏళ్ల పిల్లలకు మామూలు చికిత్సతో పాటు ఎనిమిది వారాలు నేర్పితే ఆందోళన తగ్గిందని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ ఎనిమిది వారాల పద్ధతి జాన్ కబాట్-జిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టింది. నాకు తోచింది చెబుతాను: అవసరం తెలిసి వచ్చినవాడు నేర్చుకుంటాడు, బెల్లు కొట్టి తోలితే వచ్చినవాడికి అది ఇంకో పీరియడ్.

నేర్పేది కూడా తక్కువే ఉండాలి. వీకెండ్ టెస్టులో ఫిజిక్స్ పేపర్ చేతికి రాగానే అక్షరాలు అలుక్కుపోతాయి, అరచేతుల చెమటకు ఓఎంఆర్ షీటు తడుస్తుంది, రాత్రి చదివిన ఫార్ములా ఒక్కటీ గుర్తుకు రాదు. అలాంటి పిల్లకి 'టెన్షన్ పడకు' అని చెప్పి ఏం లాభం? పెన్ను కింద పెట్టమను. చెప్పులు విడిచి రెండు అరికాళ్లూ నేలకు ఆనించమను. నేల చల్లగా ఉందా, బరువు మడమల మీద ఉందా వేళ్ల మీద ఉందా, చూసుకోమను. తర్వాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదారుసార్లు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం దానంతటదే కాస్త తగ్గుతుంది, అందుకే వదిలేది నిదానంగా వదలాలి. 'నిమిషం పోతే ఒక బిట్టు పోతుంది మేడమ్' అంటారు. కంగారులో ఎన్ని బిట్లు తప్పు పెట్టారో పాత పేపర్లు తీసి లెక్కపెట్టమను, నీతో వాదించరు. కానీ పరీక్ష హాల్లోనే మొదటిసారి ప్రయత్నిస్తే ఏమీ జరగదు. మామూలు రోజుల్లో, మెస్ నుంచి హాస్టల్‌కి నడిచేటప్పుడు, లెక్క తేలక విసుగొచ్చినప్పుడు చేసి చేసి అలవాటు కావాలి.

రెండో వారానికల్లా 'మనసు ఖాళీ కావట్లేదు' అని వస్తారు. ఎవరికీ కాదు. ర్యాంకు మీదికి పోతుంది, ఆదివారం ఫోన్లో నాన్న అన్న మాట మీదికి పోతుంది. పోయిందని గమనించి మళ్లీ అరికాళ్ల దగ్గరికి తెచ్చుకోవడమే సాధన, వందసార్లు పోతే వందసార్లు. 'నాకు సీటు రాదు' అని బెంగపడే పిల్లాణ్ణి 'నాకు సీటు రాదేమో అన్న ఆలోచన వచ్చింది' అని నోట్‌బుక్ వెనక పేజీలో రాయమను. చిన్న మార్పే కానీ రాశాక కాస్త తేలికపడతారు.

కళ్లు మూసుకోమని బలవంతపెట్టకు. కొందరికి కళ్లు మూస్తే భయం ఎక్కువవుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఊపిరి మీద ధ్యాస పెట్టమంటేనే ఆయాసం వచ్చినట్టుంటుంది. వాళ్లు ఫ్యాను చప్పుడు వింటారు, బయట బస్సు హారన్ వింటారు, అదీ సాధనే. దీపాలూ అగరుబత్తీలూ ఓంకారాలూ పెట్టకు, ఏ ఇంటి పిల్లయినా ఇబ్బంది లేకుండా కూర్చోగలగాలి.

సగం మంది నిద్రపోతారు. లేపకు. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పదకొండింటికి లైట్లార్పి ఐదింటికి బెల్లు కొట్టే చోట వాళ్లు తూగకపోతే ఆశ్చర్యపోవాలి. ఎవరెవరు ఎన్ని గంటలు పడుకుంటున్నారో నెల రోజులు రాసి ప్రిన్సిపాల్ ముందు పెట్టు. టెస్టు కాగానే ర్యాంకులు నోటీసు బోర్డుకు అంటించి, కింది సెక్షన్‌కి దించి, ఆ ఏడ్చే పిల్లని నీ గదికి పంపి 'సెట్ చేయండి' అంటారు. బోర్డు తీసేయమని కూడా నువ్వే అడగాలి, ఇంకెవరూ అడగరు. 'మైండ్‌ఫుల్‌నెస్‌తో ర్యాంకులు పెరుగుతాయి' అని కరపత్రంలో వేస్తామంటే నీ పేరు వేయొద్దని చెప్పు.

నీ వరకు నువ్వు రోజూ కూర్చో. వీలైతే హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన కోర్సు చేసి రా, రోజంతా మౌనంగా కూర్చుని చేసే ధ్యానం అది. బెంగతో ఉన్న పిల్లలకు మాత్రం అంత మోతాదు వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వారాల తరబడి నిద్ర లేనివాడు, తిండి మానేసినవాడు, చేతులు కోసుకునే పిల్ల, 'నేను లేకపోతే అందరికీ మంచిది' అనే పిల్ల కనబడితే ఊపిరి లెక్కలు కట్టిపెట్టు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడుగు. అడిగితే ఆలోచన పుట్టదు, భయపడకు. ఒంటరిగా వదలకు, అమ్మానాన్నల్ని పిలిపించు, సైకియాట్రిస్టు దగ్గరికి పంపు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి-మానస్, దాని నంబరు 14416. 2022 నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. కాకపోతే హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు. గోడకు నంబరు అంటించినంత మాత్రాన సరిపోదు. ఏ వేళయినా, కారణం అడగకుండా, ఆ కాల్‌కి ఫోను ఇవ్వాలని వార్డెన్లకు ప్రిన్సిపాల్ సంతకంతో సర్క్యులర్ వెళ్లాలి. చేరేముందే రాయించుకో, చేరాక ఎవరూ వినరు.

మొదటి బ్యాచ్‌కి పదిమంది వచ్చినా చాలు. దసరా సెలవులకు ఇటు వచ్చినప్పుడు నీ నిద్ర లెక్కల నోటుబుక్ తీసుకురా, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ