మీ పన్నెండు సిగరెట్లూ ఒకటి కావు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం. రోజుకు పన్నెండు సిగరెట్ల దాకా కాలుస్తాను. మూడుసార్లు ఒక్కదెబ్బతో మానేశాను. రెండుసార్లు మూడో రోజుకే, ఒకసారి ఐదు వారాలయ్యాక మళ్ళీ మొదలైంది. నాకు మనోబలం లేదంటున్నారు ఇంట్లో. నిజమేనా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఐదు వారాలు ఆగిన మనిషికి మనోబలం లేదనడం అన్యాయం. మీరు పడింది రెండు వేర్వేరు గోతుల్లో. మూడో రోజు పడగొట్టింది నికోటిన్. రక్తంలో అది దాదాపు రెండు గంటలకోసారి సగమైపోతుంది. మానేసిన రెండు మూడు రోజులకు చిరాకు, నిద్రలేమి, పని మీద మనసు నిలవకపోవడం బాగా ముదురుతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి చాలావరకు సద్దుమణుగుతాయి. ఐదు వారాల తర్వాత మళ్ళీ వెలిగించారంటే అక్కడ ఎక్కువ పాపం అలవాటుది.

కాబట్టి ఈసారి తేదీ పెట్టుకునే ముందు ఒక వారం మామూలుగానే కాల్చండి, కానీ లెక్క రాయండి. ప్యాకెట్‌కు చిన్న కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేయండి. టైమెంత, ఎక్కడ, పక్కన ఎవరు, ఎంత ఆగలేకపోయారు (1 నుంచి 5 వరకు మార్కు): ఇవి చాలు. వెలిగించే ముందే రాయాలి. కాల్చాక రాస్తే అన్నింటికీ 'టెన్షన్' అనే రాస్తారు. విడి సిగరెట్లు కొనేవారైతే పాన్ డబ్బా దగ్గర డబ్బులు తీయకముందే ఫోన్‌లో రాసుకోండి.

వారం తర్వాత ఆ కాగితాలు ముందేసుకుని కూర్చోండి. నిద్ర లేచిన అరగంటలోపు కాల్చేది ఒళ్ళు అడిగే సిగరెట్. రాత్రంతా నికోటిన్ అందక వచ్చిన ఆకలి అది. దాన్ని ప్రాణాయామంతో గెలుద్దామనుకుంటే మొన్నటిలాగే మూడో రోజుకు ఓడిపోతారు. దానికి నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ కావాలి, లేదా డాక్టర్ రాసిచ్చే మాత్రలు కావాలి.

ఇరానీ చాయ్‌తో కలిపి కాల్చేది జోడీ సిగరెట్. ఆ జోడీని విడదీయడమే మందు. నెల రోజులు చాయ్ ఆఫీసు లోపల, సీట్లో కూర్చునే తాగండి. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను మామూలు కంటే వేగంగా ఖర్చు చేస్తుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం తగ్గిపోతుంది. రోజూ తాగే ఐదారు చాయ్‌లే తాగినా ఒంట్లో కెఫీన్ పేరుకుంటుంది. గుండెదడ, చేతుల వణుకు, తెల్లారిందాకా కునుకు పట్టకపోవడం మొదలవుతాయి. సిగరెట్ లేకే ఇలా అవుతోందనుకుని మళ్ళీ వెలిగిస్తారు. మానేసిన రోజు నుంచే చాయ్, కాఫీలు సగానికి తగ్గించండి.

మీటింగ్ కాగానే కాల్చేదాని సంగతి వేరు. అది ఇచ్చే హాయిలో కొంత, నికోటిన్ తగ్గడం వల్ల వచ్చిన చిరాకు తీరడమే. మిగతాది సీటు వదిలి బయటికి రావడం, దీర్ఘంగా ఊపిరి పీల్చడం. ఈ రెండూ సిగరెట్ లేకుండానే చేయొచ్చు. అందరూ కాల్చే చోటికి కాకుండా మెట్ల వైపు వెళ్ళండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. తపన పుట్టినా కొద్ది నిమిషాల్లో మెత్తబడుతుంది.

దోస్తులతో, మందు దగ్గర కాల్చేది అన్నిటికంటే జిత్తులమారిది. మీ ఐదు వారాలను మింగింది అదేమో గుర్తు చేసుకోండి. ఈసారి కనీసం నెలన్నర ఆ సిట్టింగులకు దూరంగా ఉండండి.

ఇక 1 మార్కు పడ్డవి ఊరికే వెలిగించినవి. జేబులో ప్యాకెట్ లేకపోతే అవి వాటంతటవే పోతాయి. అయితే వాటిని వదిలి 'సగం తగ్గించేశా' అని తృప్తి పడకండి. మిగిలిన ఆరింటినీ తెలియకుండానే ఇంకా లోతుగా, చివరి దాకా పీలుస్తారు. రెండు వారాల్లోపు ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపేయండి. మాట్లాడే తోడు కావాలంటే 1800-11-2356 జాతీయ పొగాకు క్విట్‌లైన్. కాల్‌కు డబ్బులు పడవు.

ప్రశ్న: నికోటిన్ గమ్ నమిలితే ఎక్కిళ్ళు, కడుపులో మంట. సిగరెట్ మీద కోరికా పోవడం లేదు.
– ఒక పాఠకుడు, ఎల్‌బీ నగర్

జవాబు: మామూలు చూయింగ్ గమ్‌లా నములుతున్నట్టున్నారు. నికోటిన్ ఎక్కాల్సింది బుగ్గ లోపలి పొర గుండా. ఉమ్మితో మింగేస్తే మంట, ఎక్కిళ్ళు తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోండి. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగు సార్లు నమిలి రెండో వైపు పెట్టండి. ఒక గమ్ ఇలా అరగంట వస్తుంది. వేసుకునే పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. వాటి పులుపు గుణం వల్ల నికోటిన్ ఎక్కదు.

మోతాదు కూడా చూసుకోండి. లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ కాల్చేవారికి 2 మి.గ్రా. చాలదు, 4 మి.గ్రా. కావాలి. దానికి డాక్టర్ చీటీ తీసుకోండి. కోరిక మొదలయ్యాక వేసుకుంటే ఆలస్యమే. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వేసుకోండి, రోజుకు 24 దాటొద్దు. ఆ తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.