ఏ లైను దాకా చదివారు?

నాన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ టీమ్‌లోకి ఆరుగురు కావాలి, మూడొందల రెజ్యూమెలు వచ్చిపడ్డాయి, చూసే టైమ్ లేదు. మీ రిక్రూటర్ అమ్మాయి ఎక్సెల్‌లో పాసవుట్ ఇయర్ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టి, 2008కి ముందు డిగ్రీ అయినవాళ్లందర్నీ తీసేసిందట. "ఒక్క క్లిక్‌తో సగం బరువు దిగింది పెద్దమ్మా" అన్నావు. ఆ క్లిక్ నేనూ నొక్కాను, కంప్యూటర్ లేని రోజుల్లోనే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో, ఇప్పుడు హెచ్‌ఆర్ అంటున్నారే అందులో, ఉండేదాన్ని. అప్లికేషన్లు పోస్టులో కట్టలు కట్టలుగా వచ్చేవి. మా ఫారంలో మొదటి లైను పేరు, రెండోది పుట్టిన తేదీ. మెయింటెనెన్స్ షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టుకి వచ్చిన కట్ట ముందేసుకుని, 45 దాటిన కాగితాలన్నీ ఎడమ పక్కకు తోసేశాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. నైట్ షిఫ్టు కదా, ఈ వయసులో ఏం చేస్తారులే అని నాకు నేనే అనుకున్నాను. టీ చల్లారేలోపు పని అయిపోయింది.

పది రోజులకు ఒకాయన గేటు దగ్గరికి వచ్చి నన్ను కలవాలన్నాడు. ఆయనకు 47 ఏళ్లు. గొడవేమీ పడలేదు. సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు రెండు చేతులతో పట్టుకుని, "కోపగించుకోకండమ్మా, నా అప్లికేషన్ ఏ లైను దాకా చదివారు?" అని అడిగాడు. పోస్టు భర్తీ అయిపోయిందండీ అన్నాను. ఆయన అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఆయన్ని తీసుకోనందుకు ఫ్యాక్టరీ ఏమీ మునిగిపోలేదు. మేం తీసుకున్న 29 ఏళ్ల కుర్రాడు బాగానే చేశాడు. నాకు అదే ఇంకా గుచ్చుకుంటుంది. పనికిరానివాణ్ణి తీసుకుంటే ఆర్నెల్లలో అందరికీ తెలుస్తుంది, నిన్ను నిలదీస్తారు. పనికొచ్చేవాణ్ణి రెండో లైను దగ్గరే ఆపేస్తే నీకూ తెలీదు, అతనికీ తెలీదు, మీ బాసుకీ తెలీదు. షార్ట్‌లిస్టులో చేసిన తప్పుకి ఆనవాలే మిగలదు. అందుకే అందరం అంత ధీమాగా చేసేస్తాం.

ఆనవాలు దొరికిన కేసు ఒకటి చెప్తాను. అమెరికాలో టీచర్లను పెట్టుకున్న ఐట్యూటర్‌గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీ మీద అక్కడి సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 2022లో కేసు వేసింది. 55, ఆపై వయసున్న ఆడవాళ్లనీ, 60, ఆపై వయసున్న మగవాళ్లనీ సాఫ్ట్‌వేరే తీసి పారేసిందని ఆరోపణ. అదెలా బయటపడిందంటే, తనను కాదన్నారని తెలిసిన ఒక అభ్యర్థి అప్లికేషన్‌లో పుట్టిన తేదీ ఒక్కటే మార్చి, మిగతా అంతా అలాగే ఉంచి ఇంకోసారి పంపారు. ఈసారి ఇంటర్వ్యూకి రమ్మన్నారు! 2023లో ఆ కంపెనీ 3,65,000 డాలర్లకు రాజీ చేసుకుంది.

అక్కడ అడగడానికి చట్టం ఉంది, 1967 నాటిది. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ 40, ఆపై వయసున్నవాళ్లను వయసు పేరు చెప్పి కాదనకూడదు. మన దగ్గర ప్రైవేటు కంపెనీలను అలా కట్టేసే ప్రత్యేక చట్టం లేదు. రాజ్యాంగంలో 16వ అధికరణం ఉంది గానీ, అది సర్కారు ఉద్యోగాల సంగతి. అందులోనూ మతం, కులం, లింగం, పుట్టిన ఊరు ఉన్నాయి, వయసు లేదు. సర్కారు ఉద్యోగాలకు వయోపరిమితి ఉందిగా అంటావేమో. ఉంది, కానీ నోటిఫికేషన్‌లో అచ్చేసి ఉంటుంది. తెలంగాణ గ్రూప్-1కి 44 ఉన్నదాన్ని 2024లో 46 చేశారు. కనబడుతోంది కాబట్టి పెంచమని అడగగలిగారు. నీ ఫిల్టర్ ఎవరికి కనబడుతుంది?

అందుకని ముందు ఆ ఫిల్టర్ తీయించు. పాసవుట్ ఇయర్, పుట్టిన తేదీ, ఫొటో, పెళ్లయిందా లేదా అన్న కాలమ్‌లు నీకు పంపే షీట్‌లో ఉండనే కూడదని ఆ అమ్మాయికి చెప్పు. చేరేటప్పుడు పదో తరగతి మెమో ఎలాగూ అడుగుతారు, అప్పుడు చూసుకోవచ్చు. (ఆ మెమోలో తేదీ కూడా ఎంత నిజమో! మా తరంలో సగం మంది పుట్టినరోజు జూన్ 1. బళ్లో వేసిన రోజు హెడ్‌మాస్టరు ఏది రాస్తే అదే. మీ పెదనాన్న కాగితాల మీద అసలు వయసు కంటే ఏడాదిన్నర పెద్ద.)

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని, చేరిన మనిషి మొదటి ఆర్నెల్లు ఏ పనులు చేయాలో రాసుకో. "చురుకైన కుర్రాళ్లు" లాంటివి వద్దు, పనులు రాయి. పక్కన పెట్టే ప్రతి రెజ్యూమె ఎదురుగా ఒక కారణం రాయి. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే మొహం చూసి చెప్పగలిగే కారణం అయ్యుండాలి. "పేమెంట్స్ మీద పనిచేసిన అనుభవం లేదు" అనొచ్చు. "ఓవర్ క్వాలిఫైడ్" అని మాత్రం రాయకు. నా సర్వీసు మొత్తంలో ఆ మాటకు రెండే అర్థాలు చూశాను. ఒకటి జీతం. అలాగైతే బడ్జెట్ ఎంతో ప్రకటనలోనే వెయ్యి, ఆ జీతానికి రావాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు. ఇల్లు అమ్ముకుని ఈఎంఐ తీర్చేసి ప్రశాంతంగా పని చేసుకుందామనుకునేవాళ్లూ ఉంటారు.

రెండోది భయం. నువ్వు నిన్న నవ్వుతూ అన్నావు చూడు, "యాభయ్యేళ్లాయన్ని సార్ అంటూ పని ఎలా చెప్పను, తప్పు చేస్తే ఎలా అడగను" అని. ఆ మాట ఒప్పుకున్నందుకు సంతోషం, చాలామంది దాన్నే "కల్చర్ ఫిట్ కాదు", అంటే మా వాతావరణంలో ఇమడరు, అంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచాం, అందులో నీ తప్పేం లేదు. కానీ ఏ బ్యాంకుకైనా వెళ్లి చూడు. పాతికేళ్ల ఆఫీసరు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ క్యాషియర్‌ని "రావుగారూ, ఈ వోచర్ టాలీ కాలేదండీ, మళ్లీ చూడండి" అంటాడు. గారూ ఉంది, పనీ ఉంది. నీకు రాకపోతే నేర్చుకో. నీ మొహమాటానికి ఇంకొకళ్ల ఉద్యోగం పోకూడదు.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. పెద్దవాళ్లు వస్తే మన ప్యానెళ్లలో కుశల ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లలు సెటిలయ్యారా, ఇంకా ఎన్నాళ్లు చేద్దామనుకుంటున్నారు, చిన్నవాళ్ల కింద చేయగలరా. ఒక్కటీ వద్దు. షిఫ్టులు ఇవీ, ఆన్‌కాల్ ఇలా ఉంటుంది, కుదురుతుందా అని 24 ఏళ్లవాణ్ణీ అడుగు, 52 ఏళ్లావిడనీ అడుగు. కొత్త టూల్ నేర్చుకుంటారా అని అడిగి జవాబు ఊహించుకోకు, రెండు గంటల పని ఇచ్చి చేయించు. అలాగే పిల్లల కోసం మానేసి మళ్లీ వస్తున్న ఆడపిల్లల రెజ్యూమెలు వేరే చూడు. వాళ్లను గ్యాప్ పేరుతో ఒకసారి, వయసు పేరుతో ఇంకోసారి కోస్తారు.

మీ పెదనాన్న సంగతి నీకు చెప్పలేదు, అప్పుడు నువ్వు ఇంజినీరింగ్‌లో ఉన్నావు. ఆయనకు 51 ఏళ్ల వయసులో ఉద్యోగం పోయింది. నాలుగు నెలలు ఎవరూ పిలవలేదు. ఒక రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర రెజ్యూమె తెరిచి, మొదటి ఎనిమిదేళ్లూ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టారు. పటాన్‌చెరులో ఒక ప్లాంటుని మొదటి ఇటుక నుంచి నిలబెట్టిన ఏళ్లవి. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి జుట్టుకు రంగేసుకున్నారు. తెల్లారేసరికి దిండు గలీబు మీద నల్ల మచ్చ. ఆ వారంలోనే రెండు కాల్స్ వచ్చాయి. ఉద్యోగం వచ్చినందుకు నేను సంతోషపడుతుంటే, ఆయన మాత్రం ఆ ఎనిమిదేళ్ల గురించి ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

చదవడానికి టైమ్ లేదంటావు. ఒక్కోదానికి రెండు నిమిషాలు, మూడొందలకు పది గంటలు. నాలుగు సాయంత్రాలు. ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. మీ రిక్రూటర్ తీసేసిన షీటే తీసుకురా, మిగిల్చింది కాదు. నా కళ్లజోడు మార్చాను, చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి. నువ్వు చదువు, కారణాలు నేను రాస్తాను.

మీ పెద్దమ్మ