ఎత్తు ఎక్కేటప్పుడు వెనకాడే డీజిల్ కారు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది 2011లో కొన్న చిన్న డీజిల్ కారు. కామన్ రైల్ పద్ధతి, 1.3 లీటర్ల టర్బో ఇంజిన్, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు మామూలుగానే నడిచి, ఆ తరువాత అర నిమిషంపాటు మిస్ కొడుతూ వణుకుతోంది; ఒక్కోసారి ఆగిపోతోంది. ట్యాంకు పావు వంతుకు దిగితే ఈ బాధ ఎక్కువ. ఇంజిన్ వేడిగా ఉంటే మాత్రం తాళం తిప్పగానే అందుకుంటుంది. ఇదిగాక అనంతగిరి ఘాట్‌లోనూ, సింహాచలం కొండ ఎక్కేటప్పుడూ యాక్సిలరేటర్ నొక్కినా పికప్ రాక తటపటాయిస్తుంది, వెనక నల్లటి పొగ వస్తుంది. ఆ సమయంలో బానెట్ లోపల బుస్సుమనే చప్పుడు వినిపిస్తోందని మా ఆవిడ అంటున్నది. డీజిల్ ఫిల్టర్ రెండు నెలల కిందటే మార్పించాను కాబట్టి దాని తప్పు కాదనుకుంటున్నాను. ట్యాంకులో మోటారు ఉండే రకం కాదని చెప్పిన మెకానిక్, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలని 60,000 రూపాయల అంచనా ఇచ్చారు. ఎత్తు ప్రదేశంలో గాలి పలచన కావడమే కారణమని ఒక మిత్రుడు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ఇంజెక్టర్ల మాట కొన్నాళ్లు వాయిదా వేయండి. మీ ఉత్తరంలో మీరు దేనికీ పనికిరాదనుకొని రాసిన రెండు మాటలే నాకు అన్నిటికంటె విలువైనవిగా కనిపించాయి. ఇంజిన్ వేడిగా ఉంటే వెంటనే అందుకుంటుందన్నది మొదటిది. ఫిల్టర్ మార్చిన రోజులూ బాధ మొదలైన రోజులూ ఒక్కటే కావడం రెండవది.

ఇంజెక్టర్లు బాగా అరిగిన బండి సాధారణంగా దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ప్రవర్తిస్తుంది. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్ల సందుల్లోంచి, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే తిరుగు పైపులోకి ఎక్కువగా జారిపోతుంది. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, అంటే కామన్ రైల్‌లో, తగినంత పీడనం నిలవదు కనుక పొద్దున అందుకున్న బండి మధ్యాహ్నం ఎండలో ఎంతసేపు తిప్పినా అందుకోదు. మీ బండి అలా చేయడం లేదు.

రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ అయి, రెండు మూడు సెకన్లు బాగా నడిచి, అప్పుడు తడబడుతున్నదంటే పైపులో మిగిలిన కాస్త డీజిల్‌తో మొదలై, దాని వెనుక వచ్చిన గాలి బుడగలకు చిక్కుతున్నదని నా అనుమానం. ట్యాంకులో మోటారు లేని బండ్లలో ఇంజిన్ దగ్గరి పంపే డీజిల్‌ను పీల్చుకోవాలి. ఆ పీల్పు ఉన్న దారిలో ఎక్కడ సన్నని సందు ఉన్నా, ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద ఒక్క చుక్క కూడా కనిపించక, చూసినవారు లీకేజీ లేదని తేల్చేస్తారు. బండి ఆగి ఉన్నప్పుడు అదే సందులోంచి గాలి చేరి, పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. ట్యాంకు ఖాళీ అయినకొద్దీ పంపు మరింత లోతునుంచి లాగవలసి వస్తుంది కాబట్టి పావు ట్యాంకులో బాధ పెరగడమూ దీనితో సరిపోతుంది. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగునే తిరిగి వేసినా, కొత్త రింగు మడతపడినా, పైపు క్లిప్పు సరిగా కూర్చోకపోయినా ఇలాగే జరుగుతుంది. సముద్రపు ఉప్పుగాలికి మన ఊళ్లో బండి అడుగున ఉండే ఇనుప పైపులు, క్లాంపులు తొందరగా తుప్పు పడతాయి గనుక ఫిల్టర్ దగ్గర తప్పు దొరకకపోతే ట్యాంకు వరకూ పైపు వెంబడి చూడాలి.

దీన్ని రుజువు చేసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. విశాఖలో వాలు వీధులకు కొదవ లేదు. ఒక రాత్రి బండిని ముందుభాగం పల్లానికి ఉండేలా, అంటే ట్యాంకు ఇంజిన్ కన్న ఎత్తున ఉండేలా నిలపండి; గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరువకండి. తెల్లవారి వణుకు లేకుండా అందుకుంటే అనుమానం చాలావరకు నిజమైనట్టే. ఆ తరువాత ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య కొద్దిసేపు పారదర్శకమైన పైపు వేయించి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. అదే సమయంలో ఫిల్టర్ అడుగు బిరడా వదులు చేసి కాస్త డీజిల్‌ను గాజు సీసాలోకి తీయించండి. కాసేపటికి అడుగున వేరే పొరగా నీరు కనిపిస్తే, ట్యాంకులో తేమ పడుతున్నదని అర్థం. తేమగాలి ఉండే ఊరిలో ట్యాంకును ఎప్పుడూ అడుగంటేలా వాడటం ఇందుకు ఒక కారణం.

కొండమీద తటపటాయింపు సంగతి వేరు. మీ బండికి ఒకేసారి రెండు వేర్వేరు జబ్బులు వచ్చాయని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఆ నమ్మకానికి ఆధారం మీరు రాసిన నల్లటి పొగే. డీజిల్ చాలని ఇంజిన్ బలం తగ్గుతుంది గాని పొగ కక్కదు. నల్లటి పొగ వస్తున్నదంటే డీజిల్ అందుతున్నది, దానిని పూర్తిగా మండించే గాలి అందడం లేదు. మీ మిత్రుడు చెప్పినట్టు ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడే మాట నిజమే. వెయ్యి మీటర్లకు సుమారు పదోవంతు పీడనం తగ్గుతుంది. అయితే గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. పైగా అనంతగిరి కంటె ఎంతో తక్కువ ఎత్తున్న సింహాచలం కొండ మీదా ఇదే బాధ ఉన్నప్పుడు నేరం గాలి పలచదనానిది కాదు, బరువు లాగడంలో బయటపడే లోపానిది.

మీ శ్రీమతిగారు విన్న చప్పుడును తేలికగా తీసుకోకండి. టర్బోనుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ, అక్కడినుంచి ఇంజిన్‌కూ పోయే రబ్బరు గొట్టం పాతబడి అడుగువైపు చీలితే, ఐడిలింగులో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఆ చీలిక మూసుకొనే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పీడనం పెరగగానే నోరు తెరుస్తుంది. బండి నిలబెట్టి చూసే మెకానిక్‌కు అది దొరకకపోవడంలో వింత లేదు. గొట్టాన్ని విప్పించి, చేతితో వంచి చూడమనండి. నూనె తడి కనిపించినచోట ప్రత్యేకంగా చూడాలి. గొట్టం బాగుంటే ఎయిర్ ఫిల్టర్, ఆ పైన ఈజీఆర్ వాల్వు చూడాలి. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈ వాల్వు మసి పట్టి తెరిచినట్టే బిగుసుకుపోతే, మంచి గాలి రావలసినచోట పొగ చేరి, ముఖ్యంగా తక్కువ వేగంలో పికప్ చచ్చిపోతుంది. విప్పి శుభ్రం చేయించండి. రేకు ముక్క అడ్డం పెట్టి మూసేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు; అది కాలుష్యాన్ని పెంచే పని, కొన్ని బండ్లలో హెచ్చరిక దీపమూ వెలుగుతుంది.

చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులను కూడా ఒకసారి చూపించవచ్చు గాని, విశాఖ చలికి వాటిమీద నాకు పెద్ద అనుమానం లేదు.

ఇవన్నీ సరిచేశాక కూడా వణుకు మిగిలితే అప్పుడు ఇంజెక్టర్ల వంతు. నాలుగింటి తిరుగు పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిలింగులో నడిపి, ఏ సీసాలో ఎంత డీజిల్ చేరిందో చూస్తారు. మూడింటిలో సమంగా ఉండి ఒకదానిలో రెట్టింపు ఉంటే ఆ ఒక్కటే తప్పు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఒక్కొక్క సిలిండర్‌కు ఇంజిన్ చేస్తున్న సవరణ అంకెలను, కోరిన రైల్ పీడనానికీ వస్తున్న పీడనానికీ ఉన్న తేడానూ కాగితం మీద రాసి ఇమ్మనండి. ఈ పరీక్షలు జరపకుండా నాలుగూ మార్చమనడం న్యాయం కాదు.

ప్రశ్న: మా నాన్నగారి నాటి జీపు పాత మెకానికల్ పంపు డీజిల్ ఇంజిన్. ఒక సిలిండర్ మిస్ కొడుతున్నది. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండరో కనుక్కోవచ్చని ఇక్కడి మేస్త్రి అన్నారు. అపాయమేమీ లేదా?
— ఒక పాఠకురాలు, భీమునిపట్నం

సమాధానం: మీ జీపు వంటి పాత పంపు ఇంజిన్లకు అది తరతరాలుగా వస్తున్న సరైన పద్ధతే. ఐడిలింగులో ఒక్కొక్క నట్టును కొద్దిగా వదులు చేసి వెంటనే బిగిస్తూ పోతే, మంచి సిలిండర్ వంతు వచ్చినప్పుడు చప్పుడు మారి ఇంజిన్ కుంగుతుంది. ఏ నట్టు దగ్గర ఏ మార్పూ రాదో ఆ సిలిండరే పని చేయనిది. మేస్త్రిగారు కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకొని, నట్టు చుట్టూ గుడ్డ అడ్డం పెట్టి చేయాలి. చిమ్మే డీజిల్‌కు ఎదురుగా వేలు పెట్టకూడదు. సిలిండర్ తెలిశాక దాని ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. మిస్ కొట్టడం ఇంజెక్టర్ వెంట పోతే దాని నాజిల్ (డీజిల్ చిమ్మే మొన) బాగు చేయిస్తే చాలు. ఉన్నచోటనే ఉంటే వాల్వు క్లియరెన్సు (వాల్వుల దగ్గర వదిలే సన్నని సందు), ఆపై కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) చూపించాలి.

గాజువాక పాఠకులు మాత్రం ఈ పద్ధతిని తమ కారు మీద ఎన్నడూ ప్రయత్నించకూడదు. కామన్ రైల్ పైపుల్లో ఐడిలింగులోనే వందల బార్‌ల, అంటే మామూలు గాలి పీడనానికి వందల రెట్ల, పీడనం ఉంటుంది. నట్టు వదులైతే దారంలా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసిన ప్రమాదం అది.