పాడుబడ్డ ఆసుపత్రుల ఫొటోల్లో కనిపించేదంతా నిజమేనా? లోపలికి వెళ్లడం ప్రమాదమా?

"ఆ ఫొటోలు చూస్తే మనుషులు నిన్ననే లేచి వెళ్లిపోయినట్టుంటుంది, నిజంగా అలాగే ఉంటాయా, నేనూ వెళ్లి తీయాలంటే భయపడాల్సిందేమైనా ఉందా" అని అడిగారు. నేను ఇలాంటివి ఐదారు చోట్ల తీశాను. ముందుగా నేను చేసిన మోసం ఒప్పేసుకుంటా.

మొదటిది మా జిల్లాలోనే, ఓ పాత ఆసుపత్రి. ఊరు పేరు చెప్పను. చెబితే నెల తిరక్కుండా కిటికీ ఊచలు కూడా మిగలవు. గేటు దగ్గర కాపలా తాత బీడీ కాల్చుకుంటున్నాడు. "పేపరోళ్లా బాబూ?" అన్నాడు. కాదు తాతా, ఫొటోల పిచ్చి అంటే నవ్వి తాళం తీశాడు. ఆపరేషన్ థియేటర్లో పైనుంచి వేలాడే గుండ్రటి పెద్ద లైటు అలాగే ఉంది. దాని కింద గోనెపట్టాలు పరిచి వేరుశనక్కాయలు ఆరబోసి ఉన్నాయి! బయట మూడ్రోజులుగా ముసురు. ఊళ్లో ఇంత పొడిగా ఉండే గచ్చు ఇంకెక్కడుంది అని తాత వాదన.

నేనేం చేశానంటే, పట్టాలు గోడవారకి లాగేసి, పక్క గదిలోంచి చక్రాల కుర్చీ తెచ్చి లైటు కింద పెట్టాను. దానికి ఒక చక్రం తిరగదు. ఈడ్చుకొస్తే దుమ్ములో పొడుగ్గా గీత పడింది. ఆ గీతనీ చెప్పుకాలితో చెరిపేశాను. తాత గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "అది మందుల గదిలోది గదా బాబూ, ఈడికెందుకు?" "ఫొటోకి తాతా." ఆయన ఇంకేమీ అనలేదు. నేను తీశాక కుర్చీ మళ్లీ మందుల గదిలో పెట్టొచ్చాడు.

ఆ ఫొటో కింద "కాలం ఆగిపోయిన చోటు" అని జనం తెగ రాశారు. కాయల సంగతి ఎవరికీ తెలీదు.

నేనొక్కణ్ణే కాదు. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత 1986లో ఖాళీ చేయించిన ప్రిప్యత్ ఊరి ఫొటోలు మీరూ చూసే ఉంటారు, పిల్లల బడిలో బొమ్మ, పక్కనే గ్యాస్ మాస్కు. అలాంటివి చాలావరకు తర్వాత వచ్చినవాళ్లు సర్దిపెట్టినవే. కాబట్టి వస్తువులు మరీ పొందిగ్గా కుదిరిన ఫొటో కనిపిస్తే అనుమానించండి.

ఒక్క వెలుతురు మాత్రం అబద్ధం కాదు. బెర్లిన్‌లో చదువుకునేటప్పుడు దగ్గర్లోని బీలిట్స్ క్షయ ఆసుపత్రి చూశాను. 1898లో కట్టడం మొదలుపెట్టారు, అరవై దాకా భవనాలు. రైలు పట్టాలకి ఉత్తరాన ఊపిరితిత్తుల రోగులు, దక్షిణాన మిగతావాళ్లు. రోడ్డుకి ఒకపక్క ఆడవాళ్లు, ఇంకోపక్క మగవాళ్లు. 1945 నుంచి 1994 దాకా సోవియట్ సైన్యం ఆసుపత్రిగా నడిచింది. ఆ వసారాలు, నిలువెత్తు కిటికీలు కెమెరా కోసం కట్టినవి కావు. క్షయ మీద పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ రాకముందు వైద్యమంటే గాలి, ఎండ, తిండి, పడక. రోగిని ఎండకి చేర్చే ఏర్పాటే మనకి ఫొటోలో అందమైపోయింది.

ఇలాంటి క్షయ ఆసుపత్రులు ఇన్ని ఖాళీ కావడంలో మన దక్షిణాది వాటా కూడా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. మద్రాసులో చేసిన అధ్యయనం ఒకటి 1959లో వెలువడింది. రోగిని శానిటోరియంలో, అంటే ఇలాంటి క్షయ ఆసుపత్రిలో పెట్టినా, ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చినా ఫలితం దాదాపు ఒకటే అని, ఇంట్లో ఉన్నంత మాత్రాన ఇంట్లోవాళ్లకి అదనంగా అంటుకోదని తేలింది. ఇక మంచాలు ఎందుకు?

ప్రమాదం సంగతి. దెయ్యాలు కనపడలేదు. తాత రోజూ ప్రసూతి వార్డులోనే పడుకుంటాడు, ఆయనకీ కనపడలేదట. పాములు మాత్రం కనపడ్డాయి. గోడ దూకొద్దు, అడిగి వెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు. మెట్ల మీద అంచులు నమ్మొద్దు, గోడవారగా నడవండి. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి, గచ్చంతా ఇంజెక్షన్ సీసాల పెంకులే. పావురాల రెట్ట ఎండి పొడి అవుతుంది, మాస్కు పెట్టుకోండి. రోగుల రిజిస్టర్లు, ఎక్స్‌రే ఫిల్ములు దొరికితే పేర్లు కనపడేలా తీయొద్దు.

ఎక్స్‌రే మిషన్ చూసి రేడియేషన్ అని బెదిరిపోకండి, కరెంటు లేకపోతే అది ఉత్త ఇనుము. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రాలు వేరు, కొన్నింటి లోపల రేడియోధార్మిక పదార్థమే ఉంటుంది. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో మూతపడ్డ క్లినిక్ నుంచి ఇద్దరు అలాంటి యంత్రం భాగాన్ని తుక్కు కోసం ఎత్తుకెళ్లారు. లోపలున్న సీజియం అనే రేడియోధార్మిక పొడి చీకట్లో నీలంగా మెరుస్తోందని, దాన్ని కొన్న తుక్కు వ్యాపారి చుట్టాలకీ స్నేహితులకీ పంచాడు. నలుగురు చనిపోయారు, 249 మందికి ఆ పదార్థం అంటింది. అందుకే బరువైన లోహపు డబ్బా ఏది కనపడినా ముట్టుకోవద్దు, బయటికొచ్చి అధికారులకి చెప్పండి.

అన్నట్టు, పట్టాలు లాగకముందు ఫోన్లో ఒకటి తీశాను. లైటు, కింద కాయలు, ఓ మూల తాత చీపురు. మొన్న అది కూడా పెట్టాను. ఒకాయన అడిగాడు, కాయలు ఎంతకిస్తారని.